‘ది లాటరీ’ కథకి ‘మూఢాచారం’ అని ఒక్క థీమ్ రాసి వదిలేస్తే ఎందుకు చాలదు

మీరు అడిగింది ఇది: అమెరికన్ రచయిత్రి షర్లీ జాక్సన్ కథ ‘ది లాటరీ’ మీద అసైన్‌మెంట్ రాయాలి, గైడ్‌లో ‘గుడ్డి సంప్రదాయం, బలిపశువు, గుంపు హింస’ అని మూడు పాయింట్లు ఉన్నాయి, అవే రాసిస్తే మీ మేడమ్ ‘ఇది అందరూ రాసేదే, కథలోంచి చూపించు’ అని వెనక్కిచ్చేశారు. ఇప్పుడేం రాయాలి, అసలు జాక్సన్ ఎందుకు రాసింది ఈ కథ అని.

గైడ్‌లో ఉన్నది తప్పేం కాదు, సగం మాత్రమే. చాలా ఏళ్ళుగా ఈ కథ క్లాసులో చెబుతున్నాను కాబట్టి పిల్లలు ఎక్కడ ఆగిపోతారో తెలుసు. ‘పాత ఆచారాన్ని ఆలోచించకుండా పాటిస్తే ఘోరాలు జరుగుతాయి’ దగ్గర ఆగిపోతారు. అలా రాసుకుంటే మనకి హాయిగా ఉంటుంది కూడా, మూఢాచారం ఎప్పుడూ పక్కవాడిదే కదా! నేను ఈ కథని చదివే తీరు వేరు. ఆ ఊరివాళ్ళు సంప్రదాయానికి బానిసలేమీ కారు. తమకి అక్కర్లేని తంతులన్నీ ఎప్పుడో వదిలేశారు, చంపడం ఒక్కటి మాత్రం ఉంచుకున్నారు, ఆ పాపం ఏ ఒక్కరి నెత్తినా పడకుండా చూసుకోవడానికి చీటీలు పెట్టుకున్నారు. ఈ ముక్కని కథలోని వాక్యాలతోనే చూపించొచ్చు.

చదవని వాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను, ముగింపు కూడా చెప్పేస్తున్నాను, చదవాలనుకునేవాళ్ళు ముందు కథ చదివి రండి, అరగంట పని. జూన్ 27, పొద్దున పది గంటలు, మంచి ఎండ. అమెరికాలో సుమారు మూడొందల మంది ఉండే పల్లె. పోస్టాఫీసుకీ బ్యాంకుకీ మధ్య ఉన్న మైదానంలో ఊరంతా చేరుతుంది. బొగ్గు వ్యాపారం చేసే సమ్మర్స్ ఒక నల్ల పెట్టె తెస్తాడు, అందులో కాగితపు చీటీలు. ముందు ఇంటి పెద్దలు తలా ఒకటి తీస్తారు. నల్ల గుర్తు పెట్టిన చీటీ బిల్ హచిన్సన్‌కి వస్తుంది. రెండోసారి ఆ ఇంట్లో ఉన్న ఐదుగురూ, చంటివాడితో సహా, ఒక్కొక్క చీటీ తీస్తారు. నల్ల చుక్క బిల్ భార్య టెస్సీకి వస్తుంది. ఊరంతా కలిసి ఆమెని రాళ్ళతో కొడతారు. అంతే, కథ అయిపోతుంది. లాటరీ అంటే ఏదో బహుమతి అనుకుంటూ చదివినవాడు చివరి పేజీలో ఉలిక్కిపడతాడు.

ఇక సంప్రదాయం సంగతి. కథ మొదటి భాగంలో జాక్సన్ ఆ తంతు గురించి చాలా ఓపిగ్గా చెప్పుకుంటూ వస్తుంది, అక్కడ బోర్ కొట్టి దాటేసేవాళ్ళే ఎక్కువ, కానీ అసలు సరుకంతా అక్కడే ఉంది. మొట్టమొదటి పెట్టె ఎప్పుడో పోయింది. ఇప్పటి పెట్టెలో ఆ పాత పెట్టె ముక్కలు కొన్ని ఉన్నాయని చెప్పుకుంటారు. అదీ రంగు వెలిసి, ఒక పక్క పెచ్చు ఊడి ఉంటుంది. కొత్తది చేయిద్దామని సమ్మర్స్ ప్రతి ఏడూ అంటాడు, ఎవరూ పట్టించుకోరు. లాటరీ అయ్యాక ఏడాదంతా ఆ పెట్టె ఒకసారి పోస్ట్‌మాస్టర్ గ్రేవ్స్ కొట్టంలో, ఒకసారి పోస్టాఫీసులో కాళ్ళకడ్డంగా, ఒకసారి మార్టిన్ కిరాణా కొట్టు అల్మారాలో పడి ఉంటుంది. పవిత్రమైన వస్తువుని ఎవరైనా అలా పడేస్తారా? వెనకటికి చీటీల బదులు చెక్క ముక్కలు వాడేవారట, ఊరు పెరిగింది, ఇక పెట్టెలో పట్టవని కాగితాలకి మారిపోయారు. వెనక ఏదో పాటలాంటిది పాడేవారు, పోయింది. చీటీ తీయడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ లాటరీ నడిపే పెద్దమనిషి ఒక పద్ధతిగా వందనం చెయ్యాలి, అదీ పోయింది. పాట పాడేటప్పుడు ఆ పెద్దమనిషి కదలకుండా నిలబడేవాడని కొందరు, జనం మధ్య నడిచేవాడని కొందరు. ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.

మరి సంప్రదాయమంటే ప్రాణం పెట్టే ఊరు ఇంత సులువుగా ఇన్ని ఎలా వదిలేసింది? ఎవరూ బాధపడలేదు, గొడవపడలేదు, సౌకర్యం కోసం మార్చుకున్నారు. కథ చివర్లో జాక్సన్ ఒక వాక్యం పెడుతుంది: తంతు మరిచిపోయినా, అసలు పెట్టె పోగొట్టుకున్నా, రాళ్ళు వాడాలన్నది మాత్రం వాళ్ళకి గుర్తుంది. మీ వ్యాసానికి నడుం ఈ వాక్యమే. పైన నేను చెప్పిన వివరాలన్నీ దీనికి ముందు పేర్చి చూపించండి, ‘గుడ్డి సంప్రదాయం’ అన్న మాట చాలదని దానంతట అదే తేలిపోతుంది. గుడ్డిగా పాటించేవాడు అన్నీ పాటిస్తాడు. వీళ్ళు ఏరుకున్నారు.

కారణం ఏమైనా చెబుతారా అంటే, కథ మొత్తంలో ఒకే ఒక్క చోట ఉంది. వార్నర్ అనే ముసలాయన, ఈ లాటరీలో ఇది తనకి డెబ్భై ఏడో ఏడు అని గొప్పగా చెప్పుకునే మనిషి, ఒక పాత సామెత గుర్తు చేస్తాడు, జూన్‌లో లాటరీ అయితే మొక్కజొన్న బరువుగా పండుతుందని. పంట కోసం ఇచ్చే బలి అన్నమాట. కానీ చూడండి, ఆ మాట నమ్మేవాడిలా కూడా ఆయన మాట్లాడడు, ‘లాటరీ ఎప్పుడూ ఉంది’ అన్నదే ఆయన గట్టి వాదన. ఉత్తరాన ఉన్న ఊళ్ళో లాటరీ మానేద్దామనుకుంటున్నారట అని ఆడమ్స్ అంటే, పిచ్చి మూక, ఇలాగే వదిలేస్తే మళ్ళీ గుహల్లోకి పోదామంటారు అని తిడతాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే వెటకారం ఇక్కడే కనిపిస్తుంది, మనిషిని రాళ్ళతో కొట్టి చంపేవాళ్ళు మానేసేవాళ్ళని ఆటవికులంటున్నారు.

ఆ ఆడమ్స్ గురించి కూడా రాయండి, ఎవరూ రాయరు. మెల్లగా అయినా వేరే మాట ఎత్తింది ఆయనా, ఆయన భార్యా. కొన్ని ఊళ్ళలో ఇప్పటికే మానేశారని ఆవిడ అంటుంది కూడా. వాళ్ళకి సందేహం ఉంది. చివర్లో గుంపు టెస్సీ మీదకి కదిలేటప్పుడు ముందు నిలబడింది ఎవరు? స్టీవ్ ఆడమ్స్. సందేహం ఉన్నా, దాన్ని ఖర్చు లేకుండా మాటల్లో వెళ్ళబోసుకుని, సమయం వచ్చేసరికి అందరికంటే ముందు నిలబడే మనుషులు ఆ ఊళ్ళోనే ఉంటారా, ఇంకెక్కడా ఉండరా అని నేను విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు టెస్సీ. ఈ పాత్రని ‘అమాయక బాధితురాలు’ అని రాస్తే మార్కులు తగ్గించమని నేనే చెబుతాను. ఆమె లాటరీకి ఆలస్యంగా వస్తుంది, ఏ రోజో మర్చిపోయానంటుంది, సింకులో గిన్నెలు వదిలి రమ్మంటారా ఏమిటి అని జోకేస్తుంది, అందరూ నవ్వుతారు. మొగుడి పేరు పిలవగానే ‘వెళ్ళు బిల్, తియ్యి’ అని ఎగదోస్తుంది. అప్పటిదాకా ఆమెకి ఈ లాటరీతో ఏ పేచీ లేదు. కిందటేడు ఎవరో చనిపోయుంటారు, ఆమె చేతిలోనూ రాయి ఉండే ఉంటుంది కదా. గుర్తు తన ఇంటికి వచ్చిందని తెలియగానే మాత్రం అరుపు మొదలవుతుంది, ఏమని? ‘ఆయనకి ఏరుకునే టైమ్ ఇవ్వలేదు, ఇది న్యాయం కాదు’ అని. మనిషిని చంపడం అన్యాయమని ఒక్కసారి కూడా అనదు. తీసిన పద్ధతి బాలేదు, మళ్ళీ తీయించండి అంటుంది. మళ్ళీ తీస్తే ఇంకెవరో ఒకరు చావాలి, ఆ సంగతి ఆమెకి తెలుసు.

అక్కడితో ఆగదు. పెళ్ళయిపోయిన కూతురు ఇవాని, అల్లుడు డాన్‌ని కూడా చీటీల్లో కలపమంటుంది, తలలు పెరిగితే తన వంతు వచ్చే అవకాశం తగ్గుతుందని. సమ్మర్స్ మెత్తగా, కూతుళ్ళు అత్తింటివాళ్ళతో తీస్తారు, నీకు తెలియనిదా అంటాడు. ఇక్కడ నాకు మన భారతంలో ఏకచక్రపురం గుర్తొస్తుంది. బకాసురుడికి వంతులవారీగా ఇంటికొక మనిషిని, బండెడు అన్నంతో పంపాలి. పాండవులు తలదాచుకున్న ఇంటి బ్రాహ్మణుడికి వంతు వస్తుంది. ఆ ఇంట్లో తండ్రి నేను పోతానంటాడు, తల్లి నేనంటుంది, కూతురు నేనంటుంది, మాటలు కూడా సరిగ్గా రాని పిల్లవాడు గడ్డిపరక పట్టుకుని దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. వ్యాసుడు భయాన్ని దాచలేదు, కానీ భయంలో ఆ ఇల్లు ఒకటైంది. జాక్సన్ కథలో ఇల్లు చీలిపోతుంది. తల్లి కూతుర్ని ముందుకి తోస్తుంది. మొగుడు ‘నోర్ముయ్ టెస్సీ’ అంటాడు, చివరికి ఆమె గుప్పిట్లోంచి చీటీ బలవంతంగా లాగి అందరికీ చూపించేది కూడా ఆయనే. పన్నెండేళ్ళ నాన్సీ, వాళ్ళ అన్న బిల్ జూనియర్ తమ చీటీలు తెల్లగా ఉన్నాయని చూసి పకపకా నవ్వుతూ జనానికి ఎత్తి చూపిస్తారు. అంటే అమ్మకో నాన్నకో పడిందని అర్థం, ఆ క్షణంలో అది వాళ్ళ తలకెక్కదు. ఇక చిన్నవాడు డేవీ, ఏకచక్రపురం పిల్లాడి చేతిలో గడ్డిపరక ఉన్నట్టు వీడి చేతిలో గులకరాళ్ళు, ఎవరో ఇచ్చారు, తల్లి మీద విసరడానికి. నాకు ఈ మొత్తం కథలో భరించలేని వాక్యం ఇదే.

ఇంకో పెద్ద తేడా ఉంది, అది థీమ్‌కి చాలా ముఖ్యం. ఏకచక్రపురంలో రాక్షసుడున్నాడు. పంపకపోతే ఊరి మీద పడి తింటాడు. ‘ది లాటరీ’లో ఎవడూ లేడు. దేవుడు అడగలేదు, రాజు ఆజ్ఞ లేదు, పోలీసు లేడు, మానేస్తే ఫలానాది జరుగుతుందని ఎవరూ బెదిరించరు. కొన్ని ఊళ్ళు మానేశాయి, వాటికేమీ అయినట్టు కథలో లేదు. బెదిరించేవాడు లేకుండానే పని నడుస్తోంది, అందుకే భీముడు వచ్చి ఎవర్నో చంపి ఈ ఊరిని రక్షించే అవకాశమే లేదు.

ఇక్కడే చీటీ పద్ధతి ఎందుకుందో అర్థమవుతుంది. ఒకర్ని చంపుదామని ఎవరైనా నిర్ణయిస్తే ఆ పాపం వాడిది, పగ వాడి మీద. చీటీలు తీస్తే నిర్ణయించినవాడు లేడు. ‘అందరికీ ఒకే అవకాశం’ అని మిసెస్ గ్రేవ్స్ అనేది అందుకే, ఆ మాట అబద్ధం కూడా కాదు. నియమాలు అంత ఖచ్చితంగా ఉంటాయి: మొగుడి కాలు విరిగి రాలేకపోతే పెళ్ళాం తీయొచ్చా, బదులు తీసేంత ఎదిగిన కొడుకున్నాడా, ఫలానా ఇంట్లో ఎంతమంది, జాబితా సరిపోయిందా అని తూచా తప్పకుండా అడుగుతారు. ఈ లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి జరిగేది సరైనదే అని వాళ్ళకొక నమ్మకం. పద్ధతి ప్రకారం జరిగితే చాలు, ఏం జరుగుతోందో ఎవరూ చూడక్కర్లేదు. కథ అచ్చయింది 1948లో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసి మూడేళ్ళు, నాజీ అధికారులు ఆజ్ఞలు, కాగితాలు, పద్ధతులు అని న్యూరెంబర్గ్ కోర్టులో చెప్పుకోవడం జనం అప్పుడప్పుడే చదివారు. చాలామంది విమర్శకులు అందుకే ఈ కథని ఆ కాలంతో కలిపి చూస్తారు. మీరూ ఒక పేరాలో రాయొచ్చు, కానీ కథ అంతా యూదుల మీద జరిగిన దారుణానికి రూపకం అని మాత్రం రాయకండి. జాక్సన్ దీన్ని జర్మనీలో పెట్టలేదు, తను కాపురముంటున్న వెర్మాంట్ రాష్ట్రంలోని నార్త్ బెన్నింగ్టన్ లాంటి అమెరికన్ పల్లెలో, కిరాణా కొట్టు ఎదురుగా పెట్టింది. అక్కడే ఉంది పోటు.

ఆడవాళ్ళ స్థానం గురించి, ఊళ్ళో పెత్తనం గురించి కూడా వ్యాసాలు చాలా వచ్చాయి, త్వరగా చెప్పేస్తాను. చీటీ తీసేది ఇంటి మగవాడు, ఆడది తీయాలంటే వేరే దిక్కులేనప్పుడే. వాట్సన్ కుర్రాడు మొదటిసారి తల్లి తరఫున తీయడానికి వస్తే, మీ అమ్మ తరఫున తీయడానికి ఇంట్లో ఒక మగాడున్నాడు, సంతోషం అని మెచ్చుకుంటారు. ఈ పాయింట్ బలమైనదే. ఇక బొగ్గు వ్యాపారి సమ్మర్స్, పోస్ట్‌మాస్టర్ గ్రేవ్స్ కలిసి ముందు రోజు రాత్రి చీటీలు చేస్తారు, కాబట్టి డబ్బూ అధికారమూ ఉన్నవాళ్ళే లాటరీ నడుపుతున్నారనే మార్క్సిస్టు వాదన ఒకటుంది. పాక్షికంగా ఒప్పుకుంటాను. వాళ్ళు నడుపుతున్న మాట నిజం, కానీ మోసం చేస్తున్నట్టు కథలో ఎక్కడా ఆధారం లేదు, వాళ్ళ చీటీలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. మోసం ఉందంటే కథ తేలికైపోతుంది, ఆ మోసగాణ్ణి పట్టుకుంటే సరిపోతుంది కదా. ఇదే సమ్మర్స్ ఊళ్ళో డాన్సులూ, కుర్రాళ్ళ క్లబ్బూ, హాలోవీన్ కార్యక్రమమూ నడిపిస్తాడు, లాటరీ కూడా అలాంటిదే ఒక పని.

మీ మేడమ్ ‘కథలోంచి చూపించు’ అన్నారు కాబట్టి, చెప్పిన తీరు గురించి తప్పకుండా రాయండి. రాళ్ళు మొదట్లోనే ఉన్నాయి. బడికి సెలవులిచ్చారు, కుర్రాళ్ళు నున్నటి గుండ్రాళ్ళు ఏరి జేబుల్లో నింపుకుంటున్నారు, మైదానం మూల కుప్ప పోస్తున్నారు, మనం పిల్లల ఆట అనుకుని దాటేస్తాం. మగవాళ్ళు ఆ రాళ్ళ కుప్పకి ఎడంగా నిలబడి వర్షాల గురించి, ట్రాక్టర్ల గురించి, పన్నుల గురించి మాట్లాడుకుంటారు, జోకులేసినా పెద్దగా నవ్వరు, చిరునవ్వుతో సరిపెడతారు. రెండోసారి చదివితే ఆ చిరునవ్వులో ఉన్న టెన్షన్ కనిపిస్తుంది. కథ చెప్పే గొంతు ఎవరి మనసులోకీ పెద్దగా దూరదు, లోకల్ పేపర్ విలేకరి జాతర గురించి రాసినట్టు పొడిగా చెప్పుకుపోతుంది. భయంకరమైన విషయానికి ఒక్క భయంకరమైన విశేషణం వాడదు. చివర్లో సమ్మర్స్ ‘సరే, త్వరగా కానిద్దాం’ అంటాడు, మధ్యాహ్నం భోజనానికి ఇళ్ళకి వెళ్ళాలి మరి. టెస్సీతో కాసేపటి క్రితం నవ్వుతూ కబుర్లాడిన డెలాక్రోయ్ గారి భార్య రెండు చేతులా పట్టుకోవాల్సినంత పెద్ద రాయి ఎత్తుతుంది. స్నేహితురాలి మీద కసేమీ లేదు ఆవిడకి, ముందూ లేదు తర్వాతా లేదు. మిసెస్ డన్‌బార్ చేతుల్లో చిన్న రాళ్ళున్నాయి, నేను పరిగెత్తలేను, మీరు వెళ్ళండి, వెనకే వస్తాను అంటుంది. ఆవిడ కావాలనే వెనకబడుతోందా, నిజంగానే ఆయాసమా అని క్లాసులో ప్రతిసారీ వాదన జరుగుతుంది. నేనైతే కావాలనే అనుకుంటాను, అయినా రాళ్ళు మాత్రం కింద పడెయ్యలేదు గమనించండి.

జాక్సన్ ఈ కథ ఎందుకు రాసిందన్న ప్రశ్నకి ఆవిడ మాటే ఉంది. కథ ‘ది న్యూయార్కర్’ పత్రికలో 1948 జూన్ 26 సంచికలో వచ్చింది, కథలో రోజు జూన్ 27 కాబట్టి ముందు రోజు అన్నమాట. ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆ వేసవిలో తనకి మూడొందలకి పైగా వచ్చాయని, వాటిలో దయగా మాట్లాడినవి పదమూడే అని, అవీ ఎక్కువగా స్నేహితులవేనని తర్వాత ఒక ప్రసంగంలో చెప్పుకుంది. సొంత తల్లే మాకు నీ కథ ఏమాత్రం నచ్చలేదని రాసిందట. అర్థంకాలేదన్నవాళ్ళు, తిట్టినవాళ్ళు ఎలాగూ ఉన్నారు. కొందరు మాత్రం ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, మేం వెళ్ళి చూడొచ్చా అని అడిగారు. ఆ ఏడు జులైలో ‘శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్’ అనే దినపత్రికకి ఆవిడ ఇచ్చిన వివరణ సారాంశం ఇది: ఒక క్రూరమైన పురాతన తంతుని ఈ కాలంలో, తన సొంత ఊళ్ళో పెట్టి, పాఠకుల జీవితాల్లోనే ఉన్న అర్థంలేని హింసని, అమానుషత్వాన్ని కళ్ళకి కట్టి ఉలిక్కిపడేలా చేయాలని ఆశించిందట. అంతకంటే ఎక్కువ వివరించడానికి ఎప్పుడూ ఇష్టపడలేదు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ కథని నిషేధించిందని తెలిసి గర్వపడేదని, కనీసం వాళ్ళకి కథ అర్థమైందని అనుకునేదని ఆవిడ భర్త, విమర్శకుడు స్టాన్లీ ఎడ్గర్ హైమన్ రాశాడు. జాతివివక్షని చట్టాలుగా, పద్ధతిగా రాసుకుంటున్న దేశం అది, నేను పైన చెప్పిన పాయింట్‌కి దీనికంటే మంచి సాక్ష్యం మీకు దొరకదు, వాడుకోండి.

అసైన్‌మెంట్‌లో మూడు పాయింట్లూ పెట్టండి, తీసెయ్యక్కర్లేదు. ‘సంప్రదాయం’ దగ్గర పెట్టె, చెక్క ముక్కలు, మర్చిపోయిన పాట వివరాలిచ్చి, రాళ్ళ వాక్యంతో ఆ పాయింట్‌ని మీరే ప్రశ్నించండి. ‘బలిపశువు’ దగ్గర టెస్సీ ఏం అడిగింది, ఏం అడగలేదు అన్నది రాయండి. ఆమెకి హచిన్సన్ అని పేరు పెట్టడం వెనక, పదిహేడో శతాబ్దంలో మసాచుసెట్స్ మతపెద్దలు విచారించి వెళ్ళగొట్టిన యాన్ హచిన్సన్ ఉందని కొందరు విమర్శకులంటారు, ఒక లైను రాసి వదిలెయ్యండి, యాన్ ఎదురుతిరిగిన మనిషి, టెస్సీ కాదు. ‘గుంపు హింస’ దగ్గర మాత్రం జాగ్రత్త, అక్కడ పిల్లలందరూ ‘ఆవేశంతో, ఉన్మాదంతో’ అని రాస్తారు, కథలో ఆవేశం ఎక్కడుందో వెతకండి, దొరకదు. సమయం ఉంటే ఆవిడ 1962 నవల ‘వీ హ్యావ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ ది క్యాజిల్’ కూడా చదవండి, ఊరు ఒక ఇంటి మీద పడటం అందులో మళ్ళీ వస్తుంది, ఈసారి లోపల చిక్కుకున్న మనిషి గొంతుతో.